రెండువందల నలభై ఒకటో పేజీ

జూన్ 4
అత్తయ్య రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. కారణం వంటా కాదు, వాళ్ళబ్బాయీ కాదు. ‘పొగమంచు రేవు’ నవల నాలుగో భాగం చదవడం పూర్తిచేసింది. తాళాల పిల్ల గోపురంలోకి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది, కథ అయిపోతుంది. ముప్పై ఏళ్ళు మిషన్ కుట్టిన మనిషి డెబ్బయ్యో ఏట మంత్రాల నవలల్లో పడింది. నాలుగు భాగాల సెట్ తెచ్చిచ్చి అందులో పడేసింది నేనే.

జూన్ 5
మాట్లాడింది. పిల్ల చచ్చిపోలేదట. తలుపు మూసుకుంటే మనిషి పోయినట్టేనా, అలాగైతే నేను రోజూ బాత్రూంలో పోతున్నట్టే అంది. ఐదో భాగం ఏదీ అంది. ఆ రచయిత తొమ్మిదేళ్ళుగా ఏమీ రాయలేదు అత్తయ్యా అన్నాను. ఆ పుస్తకాలకి పేజీలు కట్టింది నువ్వే కదా, నోట్లో నాలుక లేదా, వెళ్ళి అడుగు అంది.

నిజమే. ప్రెస్‌లో కంప్యూటర్ మీద పేజీలు కట్టడం నా పని. నాలుగు భాగాలూ నా చేతిమీదుగానే వెళ్ళాయి. రచయితగారిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ప్రూఫులన్నీ ఓనరుగారి ద్వారానే వచ్చేవి, పోయేవి. అత్తయ్యకంటే ముందు ఆ కథకి పిచ్చిదాన్నయింది నేను.

జూన్ 8
ఓనరుగారిని అడిగి అడ్రస్ తీసుకున్నాను. ఉత్తరం రాశాను. ఐదో భాగం రాయమని బతిమాలాను. పేజీలు కట్టేది నేనేనని కూడా రాశాను, గొప్పకి.

జూన్ 17
జవాబు లేదు. పోస్ట్ డబ్బా నాకంటే ముందే అత్తయ్య చూసేస్తోంది.

జూన్ 22
కార్డు వచ్చింది! ఆదివారం పదింటికి రమ్మన్నారు. ఏ చీర కట్టుకోవాలో అత్తయ్యే చెప్పింది.

జూన్ 28, సాయంత్రం
మూడో అంతస్తులో చిన్న ఇల్లు. టీ ఆయనే పెట్టి తెచ్చారు. అలమర నిండా పుస్తకాలే, ఆయనవి మాత్రం ఒక్కటీ లేవు. అచ్చయిన పుస్తకం నేను తెరవనమ్మా, తప్పు కనబడితే అన్నం సయించదు అన్నారు.

అత్తయ్య సంగతి చెప్పాను. పిల్ల బతికే ఉందంటోందని చెప్పగానే ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తొమ్మిదేళ్ళలో ఆ మాట అన్నది ఆవిడొక్కరే అన్నారు. పుస్తకం రాగానే ఉత్తరాలు వచ్చాయట, ఆ పిల్లని ఎందుకు చంపావని. నేను చంపలేదే, ఆఖర్న పడవవాడు గోడ అవతల తాళాల గుత్తి చప్పుడు వింటాడు కదా, నువ్వు కట్టిన పేజీయే, గుర్తుందా అన్నారు.



నాలుగు లైన్లు రాసి ఆ చప్పుడు ఒక్కరికీ వినిపించలేకపోయానంటే ఇక నా చెయ్యి పడిపోయినట్టే కదమ్మా, అందుకే ఆపేశాను అన్నారు.

గుర్తుంది అన్నాను. అంతే అన్నాను. టీ మొత్తం తాగి వచ్చేశాను. సిగ్గులేనిదాన్ని.

జూన్ 29, లంచ్ టైమ్
ఇక్కడైనా నిజం రాయాలి.

పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. నాలుగో భాగం సరిగ్గా పదిహేను ఫారాలు, రెండువందల నలభై పేజీలు. ఆఖరి ప్రూఫులో ఆయన మధ్యలో ఎక్కడో ఒక పేరా కలిపారు. దాంతో చివరి నాలుగు లైన్లు రెండువందల నలభై ఒకటో పేజీకి జారాయి. నాలుగు లైన్ల కోసం ఇంకో ఫారమా, ఎలాగోలా సర్దెయ్ అన్నారు ఓనరుగారు. సర్దడమంటే లైన్ల మధ్య ఖాళీ తగ్గించడం, పేరాలు దగ్గరికి లాగడం. ఓ పూట పని. కుదరకపోతే ఓనరుగారిచేత రచయితకి ఫోన్ చేయించి, ఏం తగ్గించాలో అడగాలి. నేను ఆ నాలుగు లైన్లూ తీసేశాను. అరనిమిషం పని.

తొందరలో అని చెప్పుకోవచ్చు. కాదు. తలుపు మూసుకోవడంతో ముగిస్తేనే దెబ్బ బాగా తగులుతుందనిపించింది. నాకు కథ తెలుసనుకున్నాను. పుస్తకం వచ్చాక చివరి పేజీ చూసి మురిసిపోయాను కూడా.

జూన్ 30
తీసేసినవేవీ డిలీట్ చెయ్యను. ‘చెత్త’ అని ఒక ఫైల్ ఉంటుంది, అందులో పడేస్తాను. ఇవాళ వెతికాను. ఉన్నాయి. నాలుగు లైన్లూ.

జూలై 5
ప్రింట్ తీసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, లైన్ల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు. రెండోసారి చదివారు. బాగానే రాశానే అన్నారు. నాతో కాదు.

తప్పయిపోయింది, ఇప్పుడైనా ఐదోది రాయండి, కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఐదో భాగం కోసం ఆరు నోటుబుక్కుల నిండా రాసుకున్నారట. అన్నీ ఆ ఉత్తరాలు వచ్చిన ఏడాదే పాత పేపర్లవాడికి వేసేశారు. మళ్ళీ గుర్తు తెచ్చుకోవచ్చు కదండీ అన్నాను. మర్చిపోవడానికి చాలా కష్టపడ్డానమ్మా అన్నారు.

తిడతారేమో అని చూశాను. మెట్ల మీద లైటు పోయింది, జాగ్రత్తగా దిగు అన్నారు. చెంప పగలగొట్టినా ఇంతలా ఏడ్చేదాన్ని కాదు.

ఇంట్లో, ఇక రాయరట అని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

జూలై 10
241వ పేజీ కట్టాను. అదే అక్షరం, అదే సైజు. ఒక్క కాపీ. అత్తయ్య పుస్తకంలో చివర జిగురుతో అతికించి, బరువు పెట్టాను.

జూలై 11
అత్తయ్య చదివింది. చప్పుడు విన్నట్టే తలెత్తింది. నేను చెప్పలా, బతికే ఉంది అంది. పేజీ తిప్పింది. అటువైపు ఖాళీ.

తర్వాత? అంది.