పటం మీద చెయ్యి

ఏమయ్యా,

నీ సంవత్సరీకం అయిపోయింది. చుట్టాలు తిని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. గిన్నెలు కడుగుతుంటే మాదాపూర్ గుట్ట మీద హెచ్చరిక ఈల మోగింది. కంప్యూటర్ ఆఫీసుల కోసం ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు.

"అక్కా, బయటికి రా! పాత ఇల్లు, పెంకలు మీద పడ్తయ్!" అని పక్కింటి యాదమ్మ అరిచింది.

ఇదివరకు ఈల వినగానే నేను వాకిట్లోకి ఉరికేదాన్ని. నువ్వు మాత్రం లక్ష్మీనరసింహస్వామి పటం దగ్గరికి పోయి, దాని చెక్క అంచు పట్టుకుని నిలబడేవాడివి. ఒకసారి ఒళ్లు మండి అడిగాను.

"అన్నీ ఆ స్వామే చూసుకుంటడంటవు. మరి ఆయన పడకుండ నువ్వు పట్టుకునుడేంది?"

"ఆయన పడ్తడని కాదే. నాకు భయమైతున్నది, అందుకే పట్టుకున్న," అని నవ్వావు. "ఆయనకేం ఫికర్? చూడు, ఎంత నిమ్మళంగ కూసున్నడో."

ఈరోజు నేను బయటికి పోలేదు. తడి చేత్తోనే పటం పట్టుకున్నాను. గుట్ట పేలింది. ఇల్లంతా అదిరింది, కడిగి బోర్లించిన గిన్నెలు దొర్లిపోయాయి, నేను పటం ఇంకా గట్టిగా పట్టుకున్నాను. స్వామి ఎలా కూర్చున్నవాడు అలాగే ఉన్నాడు.

చప్పుడు అణిగాక యాదమ్మ లోపలికొచ్చింది. "అయిపాయె కదక్కా, ఇగ చెయ్యి తియ్యి."

తీయబుద్ధి కాలేదు. రోజూ పట్టుకుని పట్టుకుని నువ్వు రంగు పోగొట్టిన చోట చెక్క ఇంకా నున్నగానే ఉంది.