పచ్చ టాపు

బిర్సానగర్,
మంగళవారం.

నాయనమ్మా, ఫోన్‌లో నీకు సరిగా వినపడదని ఈ కార్డు రాస్తున్నాను. నాన్న అలాగే ఉన్నారు. అన్నం తింటున్నారు, కుడిచెయ్యి ఇంకా లేవలేదు.

జీపు మీది గుడ్డ టాపు చిరిగి సీట్లన్నీ తడుస్తున్నాయి. కొత్తది ఏ రంగు వేయించనని అడిగితే నాన్న "పచ్చ" అన్నారు. పక్షవాతం వచ్చిన మూడు నెలల్లో అదే మొదటి మాట. ఆ సంతోషంలో ఇంకేమీ అడగకుండా పరిగెత్తి, ఆకుపచ్చ క్యాన్వాసు కుట్టమన్నాను. నిన్న బిగించాక, పక్కింటివాళ్ల సాయంతో నాన్నను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. చూసి ముఖం తిప్పుకున్నారు.

టాపు కుట్టిన గురువులు మామ నవ్వాడు. "మనోళ్లు పచ్చంటే పసుపు కాదేటి, ఇంగ్లీసు బడి పిల్లా? మీ అయ్య జీపుకి ముందున్నదీ పసుపే. కోసీసిన గుడ్డని ఇప్పుడు నానేటి సేత్తాను?"

నిజమే. చిన్నప్పుడు స్కూలు గేటులోంచి ఆ పసుపు టాపు చూసే పరిగెత్తేదాన్ని. ఎండకు వెలిసి బూడిదరంగు అయ్యాక మరిచిపోయాను.

పసుపుదే వేయిస్తానని ఎంత చెప్పినా నాన్న మళ్లీ నోరు విప్పలేదు. ఇక మాట్లాడరేమో.

నీ మోకాళ్ల నూనె అయిపోయిందా? చిన్నాన్న రైలెక్కిస్తే ఒక్కసారి రా. నాన్న ఇంకో మాట అంటే పక్కన నువ్వుండాలి. నేను మళ్లీ తప్పుగా వింటాను.

చిన్నాన్నను, పిన్నిని అడిగానని చెప్పు.

నీ మనవరాలు
హైమ