ఔటింగ్ ఆదివారం

గ్రేసీ,

నువ్వు పోయాక హాస్టల్ పిల్లలను బయటికి వదిలే ఆదివారం మొదటిసారి ఇవాళే వచ్చింది. చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. నువ్వు గార్డియన్‌గా సంతకం పెట్టి తీసుకెళ్లే ఆ ముగ్గురు శ్రీకాకుళం అమ్మాయిలూ తయారై గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

వార్డెన్ రిజిస్టర్ తీసింది. "ఇందులో మేడం గారి పేరే ఉందండీ. మగవాళ్లతో పంపితే రేపు నన్నంటారు."

"వాళ్ల ఇళ్లకు ఫోన్ చేయండి. ఒప్పుకునేదాకా ఇక్కడే కూర్చుంటాను" అన్నాను.

గంటన్నర కూర్చున్నాను. మూడు ఇళ్లవాళ్లూ సరేనన్నారు. నీ పేరు కొట్టేసి నా పేరు రాయమంది వార్డెన్. కొట్టేయకుండా కింద రాశాను.

బయటికి వచ్చాక, "మ్యూజియంకేగా?" అన్నాను. నువ్వు నాకు ఎప్పుడూ చెప్పింది అదే మరి. ముగ్గురూ పకపకా నవ్వారు.

"ఆంటీ మీకలా చెప్పారా అంకుల్? మేం ఒక్కసారీ వెళ్లలేదు. సిటీ బస్సెక్కి ఆటోనగర్ దాకా పోయి, మళ్లీ అదే బస్సులో వచ్చేసేవాళ్లం" అంది పెద్దమ్మాయి.

"బస్సులో ఏముందమ్మా?"

"నెలంతా గోడలే కదండీ! బస్సులోంచైతే ఊరంతా కనబడుద్ది. దిగాక పునుగులు."

ఆటోనగర్ బస్సే ఎక్కాం.

"వచ్చే నెల కూడా వస్తారా అంకుల్?" అంది చిన్నమ్మాయి.

"మీ ఇంటర్ అయ్యేదాకా వస్తాను."

"అయితే కిటికీ పక్కకు జరగండి. అది ఆంటీ సీటు."

జరిగాను.