ముందు బరువులు

పుప్పాలగూడ,
జూన్ 7, శనివారం

దినేశ్, నా మీద అలిగి కూర్చున్నవాడా,

ఉత్తరమేమిటని నవ్వకు. నిన్న ఫోన్‌లో నువ్వు "నీకు ట్రాక్టర్ కావాల్నా, షోరూంల దండేసి ఫోటో దిగుడు కావాల్నా?" అన్నావు చూడు, అప్పుడే ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చేసినా మళ్ళీ అదే జరుగుతుంది. నేనొక మాట మొదలుపెడతాను, నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను ఫోన్ పెట్టేస్తాను. కాగితం మధ్యలో అందుకోదు. మా ఆఫీసు కింద ఉన్న కొరియర్ అతను పుణెలో నీ చేతికే ఇప్పిస్తానన్నాడు.

నువ్వు చెప్పేది తప్పని నేనెప్పుడూ అనలేదు. చేవెళ్ళ దాటాక మనకున్నది మూడెకరాలు. మామిడి మొక్కల వరసల మధ్యకి ఊళ్ళో పెద్ద ట్రాక్టర్లు పట్టవు. పట్టినా, వాళ్ళ పనులన్నీ అయ్యాక మన దగ్గరికి వచ్చేసరికి గడ్డి నడుము దాకా పెరిగి ఉంటుంది. చిన్న ట్రాక్టర్ కొనుక్కోక తప్పదు. వారానికి ఒక్కరోజు నడిపే బండికి కొత్తది దేనికి, శంకర్‌పల్లి దగ్గర జామతోట మధు గారు అమ్ముతున్న పాతది సగం ధరకే వస్తుంది కదా అంటావు. లెక్క నీదే సరైనది. నా భయం వేరే.

మనం పెళ్ళి చేసుకోకముందు, మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్‌లో మీ నాన్న ఏం చేస్తారని అడిగావు గుర్తుందా? "యాక్సిడెంట్‌లో పోయాడు" అన్నాను. నీ చేతిలో టీ కప్పు అట్లాగే ఆగిపోయింది. ఏ లారీయో, బస్సో అనుకున్నావు. నేనూ అట్లాగే అనుకోనిచ్చాను. తర్వాత నువ్వు అడగలేదు. అడగకపోవడం నీ మంచితనం. చెప్పకపోవడం నాకు అలవాటైపోయింది.

మా నాయన చనిపోయింది రోడ్డు మీద కాదు, దినేశ్. మా చేన్లోనే, మా ట్రాక్టర్ కిందే.

నాకప్పుడు పదకొండేళ్ళు. అనంతపురం దగ్గర మా ఊళ్ళో ట్రాక్టర్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాయన గుత్తి వైపు ఎవరి దగ్గరో పాతది కొనుక్కొచ్చాడు. రంగు వెలిసిపోయి ఉండేది. తానే నీలం రంగు వేశాడు, వేసిన చేతులతోనే నా బుగ్గ పట్టుకున్నాడు. నారాయణప్ప బండి అంటే ఊరంతా తెలుసు. ఆ ఏడు వేరుశనగ అదునులో వాన గట్టిగా పడింది. వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. నాయన చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి, దాని మీదుగా ఎక్కించబోయాడు. చక్రం తిరగలేకపోయింది. బండే తిరిగింది. ముందు భాగం గాల్లోకి లేచి వెనక్కి పడిపోయింది.

నన్ను బళ్ళోనుంచి సైకిల్ మీద తీసుకొచ్చారు. నేను చేను చేరేసరికి నాయన్ని తీసుకెళ్ళిపోయారు. ట్రాక్టర్ మాత్రం చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. గట్టు మీద ఎవరో అంటున్నారు: "పాత బండి గదప్పా, ఇంగేమైతాది." ఆ మాట నాలో అట్లాగే ఉండిపోయింది. మనం ఇల్లు కొన్నా, కారు కొన్నా, ఫ్రిజ్ కొన్నా పాతది వద్దని ఎందుకు పట్టుబడతానో నీకు అర్థమయ్యేది కాదు. డాబు అనుకున్నావు. నువ్వట్లా అనుకోవడమే మంచిదనుకున్నాను. డాబు అంటే కొంచెం కోపం వస్తుంది, అంతే. అసలు కారణం చెప్పుకుంటే రాత్రి నిద్ర ఉండదు.

ఈ పద్నాలుగో అంతస్తులో బట్టలు ఆరేస్తూ ఒకసారి నువ్వన్నావు, ఈ టవర్ల కిందే ఎక్కడో మీ తాత పోచయ్య జొన్నచేను ఉండేదని. మళ్ళీ మట్టిలో చెయ్యి పెట్టాలన్న నీ ఆశ నాకు తెలుసు. దాన్ని చెడగొట్టను. కానీ నువ్వు ఆ పాత బండి మీద కూర్చుంటే నేను పొలానికి రాలేను. ఇంట్లో కూర్చుని నీ ఫోన్ కోసం చూస్తూ ఉండటం నావల్ల కాదు. కొత్తది కొను, లేకపోతే పొలం కౌలుకి ఇచ్చేద్దాం.

మా అమ్మకు ఈ ట్రాక్టర్ సంగతి నేను చెప్పలేదు. నువ్వూ ఎత్తకు. మనింటికి వచ్చి ఉంటున్న ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ రోజు గురించి మాట్లాడలేదు.

కోపం తీరని, బెంగ కూడా తీరని
తేజస్విని


పుణె,
జూన్ 11

తేజూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదవడం మొదలుపెట్టి, లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని పూర్తి చేశాను. ఆ దండ మాట అన్నందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఇన్నేళ్ళు పక్కన ఉండి నాకు తెలియలేదంటే నేను ఎట్లాంటి మొగుణ్ణి?

కొత్తదే కొందాం. ఇంకో మాట లేదు. షోరూం వాళ్ళకి ఫోన్ చేశాను, నీ పేరు మీదే రాయమన్నాను. మా అమ్మకి చెబితే ఏమందో తెలుసా? "పిల్ల భయపడ్తుంటే నీకు బేరం ముఖ్యమైందారా? సిగ్గులేదా?" కిష్టమ్మ గారి కోర్టులో నీ కేసు గెలిచింది.

కానీ ఒక పని నువ్వు వద్దన్నాక కూడా చేశాను. అత్తమ్మకి ఫోన్ చేశాను. ఆ మనిషి మన ఇంట్లోనే ఉంటుంది. పొలానికి వచ్చినరోజు ట్రాక్టర్‌ని హఠాత్తుగా చూడటం కన్నా ముందే తెలియడం నయమనిపించింది. మధు గారి పాత బండి సంగతితో సహా మెల్లగా చెప్పాను. అంతా విని ఇట్లా అడిగింది: "ఆ పాత బండికి ముందర బరువులుండాయా, నాయనా?"

నాకు అర్థం కాలేదు. తెలీదన్నాను. "కొనేది ఏదన్నా కానీ. ముందు నేను దాన్ని చూడల్ల" అంది. ఎందుకని అడిగితే, "పాపకు చెప్తాలే" అంది.

తేజూ, ఆమెను తీసుకెళ్ళు. కొనడానికి కాదు. చూస్తానన్నది కాబట్టి. మధు గారికి నువ్వు వస్తున్నావని చెప్పి పెట్టాను. నీకు వద్దనిపిస్తే దారిలోనే కారు తిప్పెయ్, నేనేమీ అనుకోను.

నీ మాట ఇక మధ్యలో అందుకోనివాడు
దినేశ్


పుప్పాలగూడ,
జూన్ 24

దినేశ్, ఇక అలకలేవీ మిగలనివాడా,

ఇన్నాళ్ళూ ఫోన్‌లో "వచ్చాక చెప్తా, రాసి చెప్తా" అని నిన్ను ఊరించాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆ ఆదివారం అమ్మ పొద్దున్నే తయారై సోఫాలో కూర్చుంది. కొండాపూర్‌లో మొన్న కొన్న మంచి చీర కాకుండా పాత నేత చీర కట్టుకుంది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. నేను రెండుసార్లు కారు తిప్పేద్దామనుకున్నాను. నువ్వు అనుమతి ఇవ్వడం వల్లేనేమో, తిప్పలేదు.

మధు గారి జామతోటలో రేకుల కింద ఉంది ఆ బండి. ఎరుపు రంగు. నేననుకున్నంత పాతగా లేదు, మూడేళ్ళదట. అయినా దాన్ని చూడగానే నేను రేకుల బయటే ఆగిపోయాను. అమ్మ మాత్రం తిన్నగా ముందుకి వెళ్ళి వంగి చూసింది. ముందు బంపర్‌కి ఇనుప దిమ్మెలు వరసగా తగిలించి ఉన్నాయి. ఒక్కోదాన్ని చేత్తో తట్టింది.

"అన్నీ ఉండాయి" అంది.

నేను బండి వెనక వైపుకి వెళ్ళాను. నువ్వు నవ్వుకో, నేను ఈ మధ్య షోరూంలో ఒక గంట ఆ కుర్రాడి బుర్ర తిన్నదాన్ని. సీటు వెనక నిలువుగా ఒక ఇనుప కమాను ఉంటుంది. రోల్ బార్ అంటారు. బండి బోల్తా పడితే మొత్తం బరువు మనిషి మీద పడకుండా ఆ కమాను ఆపుతుంది, బెల్టు మనిషిని సీటులోనే ఉంచుతుంది. అది తెలిశాక కొత్త బండి మీద నా పట్టు ఇంకా పెరిగింది. ఇక్కడ అది ఉండాల్సిన చోట ఖాళీ బోల్టు రంధ్రాలున్నాయి.

"ఇక్కడి కమాను ఏదండీ?" అని అడిగాను.

"గదా మేడం? జామ కొమ్మలు తగుల్తున్నయని తీసి అవతల పెట్టిన. దుక్కి చేసేటప్పుడు జర అడ్డమొస్తది. ఇగ దాంతోని ఏం పని?" అన్నాడు మధు గారు తేలిగ్గా.

అమ్మ అక్కడున్న నులక మంచం మీద కూర్చుండిపోయింది. మధు గారు కంగారుపడి మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు.

"మీ నాయన గూడా అట్లనే తీసినాడు" అంది.

"ఏం తీశాడమ్మా?"

"ముందర బరువులు. పాప, నీకు తెల్దు. మీ నాయన నాకు ట్రాక్టర్ నేర్పుతాండె. నువ్వు బడికి పోయినంక, చేన్లో. స్టీరింగు రాయి మాదిరి ఉండె. నా చేతులు బొబ్బలెక్కినాయి. ఒకనాడు ఏడ్చినా. మరుసునాటికి ముందరి బరువులు ఊడదీసి ఎద్దుల్ని కట్టేసే గాటిపాట్లో పెట్టినాడు. 'ఇప్పుడు తిప్పు పార్వతీ, పూలచెండు మాదిరి తిరుగుతాది' అన్యాడు. తిరిగింది. తర్వాత వాన పడింది. మళ్ళా తగిలించల్ల అనే ధ్యాస ఇద్దరికీ లేకపాయె."

ఆ రోజు గట్టు మీద విన్న మాట చుట్టూ నా బతుకంతా కట్టుకున్నాను. బరువులు లేక ముందు తేలికైన బండి దుంగ అడ్డం పడగానే లేచిపోయింది. అది పాతదా కొత్తదా అన్నదానితో సంబంధమే లేదు. ఈమె ఇన్నేళ్ళూ ఆ నిజాన్ని ఒక్కతే మోస్తూ నా పక్క గదిలో పడుకుంది.

"నువ్వు తీయమన్నావా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

అమ్మ ఆలోచించింది. "అంటినో, అనలేదో. ఎన్ని తూర్లు తలుచుకున్నా గుర్తు రాదు."

"అన్నా ఏంకాదమ్మా. నీ చేతులు నొప్పెడుతుంటే ఆయన చూడలేకపోయాడు. ఆయనకి నువ్వు నడపాలని ఉండేది."

అమ్మ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మధు గారు నీళ్ళ చెంబు పట్టుకుని దూరంగా నిలబడి తన బండి వైపు అనుమానంగా చూస్తూ ఉండిపోయాడు, పాపం. తర్వాత కళ్ళు తుడుచుకుని అమ్మ ఏమందో తెలుసా? "నాలుగు దినాలు బాగనే నడిపినా పాపా. మా ఊర్లో ట్రాక్టరెక్కిన ఆడది నేనొక్కదాన్నే." ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు, దినేశ్. ఆమెకు అట్లాంటి మొహం ఒకటుందని కూడా నాకు తెలీదు.

మధు గారికి విషయం చెప్పాను. ఆయన వెళ్ళి రేకుల వెనకనుంచి ఆ కమానుని ఈడ్చుకొచ్చాడు. దాని మీద పురుగుమందు డబ్బాలు పెట్టుకున్నట్టున్నాడు. "తప్పయిందమ్మా. నాకు ఎవలూ చెప్పలే. ఇప్పుడే బిగిస్త" అన్నాడు. వద్దన్నాను. కంపెనీ సర్వీసు వాళ్ళే రావాలి, కొత్త బోల్టులే వెయ్యాలి, బెల్టు కూడా మార్చాలి, ఆ తర్వాతే బేరం అని చెప్పాను. అమ్మ ఇంజన్ స్టార్ట్ చేయించి పొగ చూసింది. బ్రేకులు ఒక్కోటీ విడివిడిగా తొక్కించింది. "బండి మంచిదే" అని తేల్చింది.

సర్వీసు వాళ్ళు వచ్చి అన్నీ చూసి, కమాను బిగించి వెళ్ళారు. వాళ్ళ ముందే నేను దాన్ని పట్టుకుని ఊగాను. అవును, ఊగాను. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. షోరూంలో నా పేరు మీది బుకింగ్ రద్దు చేయించి, ఈ బండే కొనేశాను. నీకు చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే, దీనికి నువ్వు సంతోషిస్తావని ధైర్యం. ఆ కమాను మడిచే రకమే. మన మామిడి ఎదిగి కొమ్మలు తగిలే రోజు వచ్చినా ఊడదీసే పని లేదు. చెట్ల కింద మాత్రం మడిచి, బయటికి రాగానే నిలబెట్టాలి. ఎవరు మరిచిపోయినా అమ్మ మరవదు.

ఇక నిన్నటి సంగతి. సెలవు పెట్టి అమ్మతో పొలానికి వెళ్ళాను. మధు గారు బండి దింపించి వెళ్ళాడు. నేను కూడా మడ్‌గార్డ్ మీద కూర్చుంటానంటే అమ్మ కసిరింది: "దీని మీద ఒక్కరే. రెండోవాళ్ళు గట్టు మీద." బెల్టు పెట్టుకుంది, చీర కుచ్చెళ్ళు బిగించుకుంది. మొదట బండి కప్పలాగా గెంతి ఆగిపోయింది. రెండోసారి కదిలింది. ఇప్పటి స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందని అమ్మకి తెలియదు. బలమంతా పెట్టి తిప్పేసరికి బండి మామిడి మొక్క మీదికి పోబోయింది. నేను గట్టు మీంచి అరిచాను. అమ్మ గట్టిగా నవ్వింది. ఇంజన్ చప్పుడు మీదుగా ఆ నవ్వు నాకు వినిపించింది.

తర్వాత నేనెక్కాను. మొదటి గేరులో, వరస ఈ చివరినుంచి ఆ చివరిదాకా. అడుగడుక్కీ బ్రేకు తొక్కాను, ఒప్పుకుంటాను. ఆ చివర తిప్పుకుని వచ్చేటప్పుడు తొక్కలేదు. దిగాక మట్టి వాసన నా చేతుల్లోంచే వచ్చింది.

వచ్చే నెల నువ్వు వచ్చేశాక నీకు నేర్పేది నేను కాదు, అమ్మ. అరుస్తుంది, పడు. నిన్న ఆమెను దించడమే నాకు పెద్ద పనైంది. పొద్దు వాలిపోతోంది, శంకర్‌పల్లి వైపు మబ్బు పట్టింది, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం, ఇక దిగమ్మా అని గట్టు మీద నిలబడి ఎంత పిలిచినా వినలేదు. తల కూడా తిప్పకుండా చెయ్యి ఊపి అరిచింది:

"ఉండు పాపా, ఇంగొక సాలు!"

నీ
తేజస్విని