మౌనం మీద నివేదిక

మహారాజశ్రీ విచారణాధికారి గారికి, అనగా కాలేజీలో నా పక్క బెంచీ మీద నిద్రపోయిన నీకు,

మీ నివేదిక అందింది. "ప్రభుత్వం పేరెత్తగానే ఈ మతస్థులు నోరు మెదపరు. వీరి విధేయత అనుమానాస్పదం" అని రాశారు. దాంతో మా ప్రార్థన గదికి తాళం పడింది. ఒక్క అక్షరదోషం లేదు, అభినందనలు.

ఒరేయ్, పరీక్షల ముందు వారం వారం మా ప్రార్థనకి వచ్చి మా నాయనమ్మ పక్కన కూర్చున్నావు కదా! "ప్రభుత్వం అనగానే అందరూ గప్‌చిప్ అయిపోతారేంట్రా?" అని నువ్వే అడిగావు. "ఎవరి మేలైనా మేం మనసులోనే కోరతాం, పైకి అంటే గొప్ప చెప్పుకున్నట్టురా" అని నేనే చెప్పాను. నువ్వు పాసవ్వాలని కూడా అలాగే కోరుకున్నాం. అప్పుడా మౌనం నీకు బాగానే పనికొచ్చింది.

నిన్న తాళం ముందు, మెట్ల మీదే ప్రార్థన చేశాం. ప్రార్థన చేయించే పెద్దాయన "మన ప్రభుత్వం" అనగానే అందరూ తలలు వంచారు. నాయనమ్మ నా చెవిలో, "మనవాడూ ఇప్పుడు ప్రభుత్వమేగా, వాడి మేలు కూడా అనుకోరా" అంది.

నివేదిక కింద సంతకం ఎవరిదో ఆమెకు చెప్పలేదు. తల వంచాను గానీ, నీ మేలు కోరలేకపోయాను.

ఇట్లు,
నిన్నటి నుంచి నిజంగానే అనుమానాస్పదుడైన
తమ విధేయుడు