నాలుగున్నర దాకా పెట్టెలో

చెల్లీ,

నిన్న ఏడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని అలిగావట, మరిదిగారు చెప్పారు. ఫోన్‌లో అయితే నువ్వు తిట్టడమే తప్ప వినవు కనుక ఉత్తరం రాస్తున్నాను.

తప్పు నాదే. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఈ నెల మా బడిలో కొత్త నియమం పెట్టాను. గేటు దాటి లోపలికొచ్చే ప్రతి ఒక్కరూ ఫోన్ పెట్టెలో వేసి, నాలుగున్నరకే తీసుకోవాలని నా చేత్తోనే రాశాను. ‘హెడ్‌మిస్ట్రెస్ తప్ప’ అని రాయడం మరిచాను. మొదటి రోజే, పెట్టె తాళం చూసుకునే ఎనిమిదో తరగతి పిల్ల దాన్ని నా ముందు కూడా పట్టింది.

నిన్న ఆ పిల్లే నా గదికి పరిగెత్తుకొచ్చింది. “మేడం, మీ ఫోన్ ఒకటే మోగుతోంది. కానీ ఇంకా నాలుగున్నర కాలేదు కదా.”

ఏమంటాను? కాలేదన్నాను.

నాలుగున్నరకు నీ మెసేజ్ చూశాను. నీ కూతురికి ఆడపిల్ల పుట్టిందని చదివి నేను వేసిన కేకకు బస్సెక్కిన పిల్లలు కూడా దిగొచ్చారు.

ఈ ఉదయం విద్యార్థి సంఘం కూర్చుని నియమం సవరించింది. మనవలు పుట్టినప్పుడు మాత్రం మేడం ఫోన్ ఎత్తవచ్చట. అందరూ చేతులెత్తారు.

కాబట్టి రెండో మనవరాలి కబురు మొదటి రింగుకే అందుకుంటాను. అమ్మాయికి మాత్రం ఈ మాట ఇప్పుడే చెప్పకు.

నిన్నటి నుంచి అమ్మమ్మనైన
నీ అక్క