టీ డబ్బా నా సంచిలో ఉంది

లేవగానే టీపొడి కోసం వంటిల్లంతా వెతక్కండి, డబ్బా నాతో బేకరీకి తీసుకెళ్తున్నాను. ఏమీ తినొద్దు, తాగొద్దు అని డాక్టరు చెప్పారు కదా. మా తమ్ముడు కారు తెస్తాడు, మారుమాట్లాడకుండా ఎక్కండి. నేను ఓవెన్ వెలిగించి, పని అప్పజెప్పి నేరుగా ఆసుపత్రికి వస్తాను.

హార్మోన్ ఇంజెక్షన్లకే ప్రోస్టేట్ గడ్డ తగ్గింది, ఇక ఈ అల్ట్రాసౌండ్ చికిత్స ఎందుకని మళ్ళీ మొదలెట్టొద్దు. ఇంజెక్షన్లు దాన్ని కుదించాయి, మిగిలినదాన్ని ఆ తరంగాల వేడితో కాల్చేస్తారు. ఇన్నేళ్ళుగా ఇళ్ళకు రంగులేస్తున్నారు, గీకిన గోడను రంగెయ్యకుండా వదిలేసి ఎప్పుడైనా నిచ్చెన మడిచారా? ఇదీ సగంలో వదలనివ్వను.

అన్నట్టు, ఆ ఇంజెక్షన్లకు మీకు ఒంట్లో ఆవిర్లొచ్చి రాత్రిళ్ళు ఫ్యాను పెంచినప్పుడల్లా మీ దుప్పటి కూడా నాకే కప్పుతున్నారు. నిద్రపోతున్నాననుకుంటున్నారేమో, మీరు కప్పేదాకా కదలకుండా పడుకుంటున్నాను.